తెర మీద తెలుగు చెదిరినప్పుడు

మన సంఘాల్లో పాటల పుస్తకం పక్కన ఇప్పుడు ప్రొజెక్టర్ తెర కూడా చేరింది. ఇంట్లో చక్కగా కనబడిన పాట ఆదివారం ఉదయం సంఘం కంప్యూటర్‌లో గజిబిజిగా కనబడితే పాడేవారి నోరు ఆగిపోతుంది. అప్పుడు చాలామంది అంతా మళ్లీ టైపు చేయడానికి కూర్చుంటారు. చాలాసార్లు ఆ శ్రమ అక్కరలేదు. చెడింది అక్షరమా, దాన్ని చూపించే తీరా అన్నది ముందు తేల్చుకోవాలి. గుర్తులు నాలుగు.

మొదటిది, అక్షరాల చోట డబ్బాలు. యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇస్తుంది. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించారు. డబ్బా కనబడిందంటే సంఖ్య భద్రంగా ఉంది, దానికి రూపమిచ్చే ఫాంటు లేదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి, విండోస్ 8 నుండి నిర్మలా యూఐ తెలుగు చూపిస్తాయి. గూగుల్ వారి నోటో సాన్స్ తెలుగు ఉచితం. ఫాంటు వేస్తే చాలు, రాత మారదు.

రెండోది, ఒత్తులు విడిపోవడం. ‘క్రీస్తు’ అనే మాట కంప్యూటర్‌లో ఎనిమిది సంకేతాల వరుస. వాటిని కలిపి ఒత్తులుగా పేర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. అది చేయకపోతే ‘క్‌రీస్‌తు’ అని కనబడుతుంది. ఇక్కడ ఫాంటు మార్చినంత మాత్రాన సరిపోకపోవచ్చు, సెట్టింగు చూడాలి. ఇన్‌డిజైన్‌లో అయితే పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘వరల్డ్-రెడీ’ కంపోజర్ ఎంచుకోవాలి.

మూడోది, తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి రావడం. ఇది అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఆ ఫాంటు లేనిచోట అది తెలుగే కాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుప్రతి పక్కన పెట్టుకొని ఒత్తులు, వచన సంఖ్యలు సరిచూడాలి.

నాలుగోది, పైన గుడి, కింద ఒత్తు తెగిపోవడం. వరుసల ఎడం ఇంగ్లిషు ఎత్తుకు బిగించినందువల్ల ఇలా అవుతుంది. పవర్‌పాయింట్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉంటే ‘సింగిల్’ చేయండి.

నిజామాబాద్, బోధన్ వైపు ఇంకో చిక్కు ఉంది. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర కనుక ఒకే కరపత్రంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వేయాల్సి వస్తుంది. నిర్మలా యూఐలో తెలుగు, మరాఠీకి వాడే దేవనాగరి ఉన్నాయి, ఉర్దూ లిపి లేదు. ఉర్దూ నస్తాలీఖ్‌కు వేరే ఫాంటు పెట్టాలి. పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ తనకు దొరికినదాన్ని అడగకుండా తెచ్చి పెడుతుంది. ప్రెస్సుకు పంపేది ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ అయితే మనం చూసిందే అచ్చవుతుంది.

కొన్నిసార్లు లోపం మన సెట్టింగులో ఉండదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక కంటికి కనబడని సంకేతంతో కలిపి పంపితే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు మూతపడ్డాయి. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే పనిచేయకుండా పోయేది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 దాన్ని సరిదిద్దింది. కోట్లమంది రాసే అక్షరాన్ని విడుదలకు ముందు ఎవరూ పూర్తిగా పరీక్షించకపోతే ఏమవుతుందో ఆ వారం లోకమంతా చూసింది. కాబట్టి లోపం కనబడితే ఊరుకోకండి. స్క్రీన్‌షాట్, ఫోను పేరు, వెర్షన్, కనబడవలసిన మాట ఈ నాలుగూ జతచేసి ఆ సాఫ్ట్‌వేర్ వారికి రాయండి.

మాకు ఎక్కువ బెంగ మాత్రం మూడో రకం గురించే. డబ్బా, ఒత్తు, ఎడం ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. సంఘ చరిత్రలు, స్థానికంగా కట్టిన కీర్తనలు, వార్షికోత్సవ సంచికలు ఎన్నో పాత ఫాంట్లలో, పాత సీడీల్లో ఉండిపోయాయి. ఆ కంప్యూటర్ చెడిపోతే, ఆ డీటీపీ దుకాణం మూతపడితే వాటిని విప్పి చదివేవారు దొరకరు. మీ సంఘం బీరువాలో అటువంటి ఫైలు ఒక్కటైనా ఉందేమో ఈ వారమే చూడండి. టైపు చేసినవారు ఇంకా మన మధ్య ఉండగానే దాన్ని యూనికోడ్‌లోకి మార్పించి, రెండు చోట్ల దాచండి.