పరిశోధన పత్రికల వ్యాసాల ఉటంకింపు

పరిశోధన పత్రికలోని వ్యాసం నుండి గ్రహించిన విషయానికి మూలాన్ని తెలపడాన్ని ఉటంకింపు అంటారు. ఇందులో రచయిత పేరు, సంవత్సరం, వ్యాస శీర్షిక, పత్రిక పేరు, సంపుటి, సంచిక, పుటల సంఖ్యలు ఉండాలి.

ఉదాహరణకు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల ధ్వని మార్పులపై వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం, అమెరికా నుండి వెలువడే 'లాంగ్వేజ్' పత్రిక 54వ సంపుటి, 1వ సంచిక (1978), 1-20 పుటలలో ఉన్నది. ఈ సంఖ్యలు లేనిచో పాఠకుడు ఆ వ్యాసాన్ని వెదకి సరిచూచుకోవడం కష్టం.

స్వయంగా చదవని వ్యాసాన్ని చదివినట్లు ఉటంకించరాదు. దానిని పేర్కొన్న రచననే మూలంగా చూపాలి.

మూలం చెప్పక ఇతరుల రచనను వాడుకొనడం గ్రంథచౌర్యం. సిద్ధాంత గ్రంథంలో ఇట్టి పోలిక 60 శాతం మించితే పరిశోధకుని నమోదు రద్దు చేయాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2018లో నిర్దేశించింది.