రైలు టికెట్ కౌంటర్‌లో చవకైన మార్గం సిబ్బందే చెప్పాలా? రూల్స్ ఏమంటున్నాయి?

రిజర్వేషన్ ఫారం నింపారు, డబ్బులు కట్టారు, టికెట్ తీసుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే అదే రోజు, అదే ఊరికి ఇంకో రైల్లో ఛార్జీ తక్కువ. ‘కౌంటర్‌లో ఆ ముక్క చెప్పొచ్చు కదా!’ అనిపిస్తుంది. మరి చెప్పాల్సిన బాధ్యత సిబ్బందికి ఉందా?

చట్టంలో ఏముంది?

అడగకుండానే చవకైన టికెట్ వెతికి పెట్టాలని రైల్వే చట్టం-1989లో ఎక్కడా లేదు. రైళ్ల వేళలు, ఛార్జీల జాబితా హిందీ, ఇంగ్లిష్‌తోపాటు స్థానిక భాషలోనూ స్టేషన్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలని సెక్షన్ 49 చెబుతోంది. ఛార్జీ చెల్లించినవారికి టికెట్ ఇవ్వాలని, దానిపై ఆ మొత్తం ఉండాలని సెక్షన్ 50 అంటోంది. అంటే ఫారంలో మీరు ఏ రైలు, ఏ క్లాసు రాస్తే ఆ టికెట్టే ఇస్తారు.

అయితే మీరు అడిగితే పరిస్థితి వేరు. ధర గురించి తెలుసుకోవడం మీ హక్కని వినియోగదారుల రక్షణ చట్టం-2019 చెబుతోంది. అవసరమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా ఆ చట్టం ప్రకారం సేవా లోపమే. అందుకే నోరు తెరిచి అడగడం ముఖ్యం.

ముక్కలుగా కొంటే చవకా?

బ్రిటన్‌లో ఒకే ప్రయాణాన్ని రెండు మూడు టికెట్లుగా కొంటే చాలాసార్లు డబ్బు ఆదా అవుతుంది. అది చూసి ఇక్కడా ప్రయత్నిస్తే సాధారణంగా నష్టమే. మన దగ్గర దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది. పైగా ప్రతి టికెట్‌కూ రిజర్వేషన్ ఫీజు, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ విడిగా పడతాయి. స్లీపర్‌లో ఇవి రూ.20, రూ.30. సికింద్రాబాద్ నుంచి విశాఖకు సూపర్‌ఫాస్ట్ రైల్లో ఒకే టికెట్ తీసుకుంటే ఈ రెండూ కలిపి రూ.50. విజయవాడ దగ్గర విడగొట్టి రెండు తీసుకుంటే రూ.100.

కౌంటర్‌లో ఇవి అడగండి

• సూపర్‌ఫాస్ట్ కాని ఎక్స్‌ప్రెస్ ఉందా? ఉంటే సూపర్‌ఫాస్ట్ ఛార్జీ మిగులుతుంది. నంబరు 12, 20, 22తో మొదలైతే సాధారణంగా సూపర్‌ఫాస్ట్ అని గుర్తు.

• దగ్గరి ప్రయాణమా? స్లీపర్‌లో కనీసం 200 కిలోమీటర్ల ఛార్జీ తీసుకుంటారు. విజయవాడ నుంచి రాజమహేంద్రవరం సుమారు 150 కిలోమీటర్లే అయినా 200కు కట్టాల్సిందే. పగటి ప్రయాణమైతే సెకండ్ సిట్టింగ్ చూడండి.

• పిల్లలకు బెర్త్ కావాలా? 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు స్లీపర్, థర్డ్ ఏసీలో బెర్త్ వద్దంటే సగం ఛార్జీయే. బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. ఏది కావాలో ఫారంలో మీరే రాయాలి.

• ఫ్లెక్సీ ఛార్జీ ఉన్న రైలా? రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో చాలావాటికి 2016 సెప్టెంబరు నుంచి ఈ విధానం ఉంది. ప్రతి 10 శాతం బెర్తులు నిండేకొద్దీ బేస్ ఛార్జీ 10 శాతం చొప్పున, ఒక పరిమితి వరకు పెరుగుతుంది. అదే రూట్లో మామూలు ఎక్స్‌ప్రెస్ ఉందేమో కనుక్కోండి.

• రాయితీ వర్తిస్తుందా? దివ్యాంగులు, కొన్ని రకాల రోగులు, విద్యార్థులు తగిన పత్రాలు చూపాలి. సీనియర్ సిటిజన్ల రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఐఆర్‌సీటీసీ కన్వీనియన్స్ ఫీజు అదనం. యూపీఐతో చెల్లిస్తే నాన్ ఏసీకి రూ.10, ఏసీకి రూ.20, వీటిపై జీఎస్టీ. కౌంటర్‌లో ఈ ఫీజు ఉండదు.

ఎక్కువ తీసుకుంటే?

కిటికీ దగ్గర నుంచి కదలక ముందే టికెట్‌పై రైలు నంబరు, తేదీ, క్లాసు, ఛార్జీ సరిచూసుకోండి. అక్కడ ముద్రించిన దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వాల్సిన పనిలేదు. ‘రైల్ మదద్’ యాప్‌లో లేదా 139 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

వెనకాల క్యూ ఉందని మొహమాటపడొద్దు. ఈ ప్రశ్నలు ముందే కాగితంపై రాసుకుని వెళ్తే అడగడానికి నిమిషం కూడా పట్టదు.