రాజమల కొండలు - ఒక కౌలు కథ

కోయంబత్తూరు, తిరుప్పూరు ప్రాంతాల్లోని మనవాళ్ళు సెలవులకు మూణారు వెళ్ళడం మామూలే. ఉడుమలైపేట దాటి, చిన్నార్ అడవి మీదుగా, మరయూరు చందనపు చెట్ల పక్కగా కొండెక్కితే మూణారుకు ముందే ఎరవికుళం జాతీయ ఉద్యానవనం వస్తుంది. టిక్కెట్టు కొని, అటవీశాఖ బస్సులో రాజమల చేరి, పచ్చికబయళ్ళ నడుమ కొంతదూరం నడిచి, కొండమేకలను చూసి దిగివస్తాం. ఈ కొండలు ఇలా మనదాకా ఎలా మిగిలాయన్నది వేరే కథ. తనఖా దస్తావేజులు చదువుతూ బ్యాంకులో జీవితం గడిపినవాణ్ణి కాబట్టి, నా దృష్టి మొదట అందులోని కౌలుపత్రం మీద పడింది.

1877 జూలై 11న పూంజారు రాజు ఈ కణ్ణన్ దేవన్ కొండలను జాన్ డేనియల్ మన్రో అనే దొరకు ఏడాదికి 3,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చాడు. రాజు ఉండేది కింద పూంజారులో. కొండల్లో తరతరాలుగా బతుకుతున్నది ముత్తువన్ అనే గిరిజనులు. తమ పూర్వులు మధుర నుంచి వలస వచ్చారని వాళ్ళ ఐతిహ్యం. వలస కథలు ఇంటింటా విన్న మనకు అది కొత్తగా తోచదు.

1897లో కణ్ణన్ దేవన్ కంపెనీ ఏర్పడింది. కింది వాలుల్లో అడవి పోయి తేయాకు వచ్చింది. పై పీఠభూమి మాత్రం మిగిలింది. అక్కడి గాలికి, మంచుకాటుకు తేయాకు తట్టుకోదు. తోటల దొరలు దాన్ని తమ వేటకూ, వాగుల్లో ట్రౌట్ చేపలు పట్టుకోవడానికీ ఉంచుకున్నారు. వేట మిగలాలంటే జంతువు మిగలాలి. అందుకని సంఘం పెట్టుకుని వేటకు కట్టుబాట్లు విధించారు, ముత్తువన్లను కాపలాకు పెట్టారు. లాభం లేని భూమి, షికారు సరదా - ఈ రెండు పద్దులే కొండను కాపాడాయంటే వింతగానే ఉంటుంది.

1971లో కేరళ ప్రభుత్వం చట్టం చేసి ఈ భూములను తిరిగి తీసుకుంది. 1972లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. సాగులో లేని నేలను పంచిపెట్టాలన్న ఆలోచన వచ్చింది. భూమిలేని పేదలకు భూమి ఇవ్వడం న్యాయమైన పనే. కానీ పచ్చికబయలు ఒకసారి ముక్కలైతే కొండమేకకు వెళ్ళడానికి మరో చోటు లేదు. చివరకు 1975లో ఎరవికుళం అభయారణ్యమైంది, 1978లో జాతీయ ఉద్యానవనమైంది. విస్తీర్ణం 97 చదరపు కిలోమీటర్లు. దక్షిణ భారతంలో అన్నిటికంటే ఎత్తయిన ఆనముడి శిఖరం, 2,695 మీటర్లు, ఇందులోనే ఉంది. పన్నెండేళ్ళకోసారి పూసే నీలకురింజి ఇక్కడ 2006లోనూ, 2018లోనూ కొండలను నీలంగా కప్పేసింది.

ఆ మేకను అరవంలో వరయాడు అంటారు. వరై అంటే కొండ, ఆడు అంటే మేక. తమిళనాడుకు అది రాష్ట్ర జంతువు. కేరళ, తమిళనాడు పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ఒకేచోట ఎక్కువగా ఉన్నది ఎరవికుళంలోనే. తెలుగునాట లేని జంతువు కనుక మా ఇళ్ళలో కూడా దాన్ని వరయాడనే అంటాం. ముదిరిన పోతుకు వీపు మీద తెల్లటి మచ్చ ఉంటుంది. పిల్లలు పుట్టే రోజుల్లో, ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో, ఉద్యానవనం తలుపులు మూసేస్తారు. అప్పుడు మన సెలవులకంటే దాని కాన్పు ముఖ్యం.

కౌలు ఇచ్చిన రాజు పేరు, పుచ్చుకున్న దొర పేరు, కంపెనీ పేరు, చట్టం పేరు చరిత్రకెక్కాయి. ఎండలో వానలో కొండ మీద తిరిగి, వేటగాళ్ళను పట్టి, కార్చిచ్చు ఆపిన ముత్తువన్ కాపలాదారులు మాత్రం ఒక కులం పేరుగానే మిగిలారు. జీతం పద్దులో వాళ్ళది చిన్న మొత్తం. ఆస్తి మిగిలింది మాత్రం ఆ చిన్న మొత్తం వల్లే. ఇప్పటికీ అక్కడి కాపలావాళ్ళలో ముత్తువన్లు ఉన్నారు. ఈసారి రాజమల వెళ్ళినప్పుడు, మేకను చూపించే ఆ మనిషిని కూడా కాసేపు పలకరించండి.