అక్కగారి కత్తెర

మొన్న రాత్రి భోజనాలయ్యాక మా మనవడికి భారతం కథ చదివి వినిపిస్తున్నాను. విరాటపర్వంలో కీచకుడి ఘట్టం వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడి ముందు అవన్నీ ఎందుకని, "కీచకుడు ద్రౌపదిని బాధపెట్టాడు, భీముడు వాణ్ణి చంపేశాడు" అని రెండు ముక్కల్లో తేల్చేసి పేజీ తిప్పాను. పక్కనే కూర్చుని జడ అల్లుకుంటున్న మనవరాలు కిసుక్కున నవ్వింది. ఇంగ్లీషు ఎమ్మే చదువుతోంది లెండి. "అమ్మమ్మా, భలే బౌడ్లరైజ్ చేశావే!" అంది.

మెచ్చుకుందో వెక్కిరించిందో తెలీలేదు. "అంటే ఏమిటే?" అన్నాను.

"సభ్యంగా లేవనుకున్న మాటల్ని పుస్తకంలోంచి ఏరిపారెయ్యడం. బౌడ్లర్ అని ఒకాయన షేక్స్పియర్‌కి ఆ పని చేశాడు. ఆయన పేరే క్రియ అయి కూర్చుంది."

ఆ ఒకాయన సంగతేమిటో తెలుసుకుంటేగాని నాకు నిద్రపట్టలేదు. చదవగా చదవగా తేలిందేమిటంటే, ఆ కత్తెర ముందు పట్టింది ఆయన కాదు, ఆవిడ!

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో బౌడ్లర్ వారిది కలిగిన కుటుంబం. తండ్రి రాత్రిపూట ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి షేక్స్పియర్ నాటకాలు చదివి వినిపించేవాడు. మోటు మాట వస్తే తడుముకోకుండా దాటేసేవాడు. ఏదో వదిలేశాడన్న అనుమానం కూడా పిల్లలకి వచ్చేది కాదు. కొడుకు థామస్ పెద్దయ్యాక ఈ ముచ్చటని తన పీఠికలో తలుచుకున్నాడు. అందరి ఇళ్ళలోనూ అంత నేర్పుగా చదివే తండ్రులుండరు కదా!

1807లో బాత్ పట్నం నుంచి 'ది ఫ్యామిలీ షేక్స్పియర్' నాలుగు సంపుటాలుగా వెలువడింది. మొత్తం 20 నాటకాలు. పరిష్కరించింది ఎవరో పేరు లేదు. ఆ పని చేసింది థామస్ అక్కగారు హెన్రియెట్టా మరియా. హారియట్ అనేవారు. అవివాహిత. తరువాత 1818లో ఆ పుస్తకమే పెరిగి 36 నాటకాలతో, పది సంపుటాలతో వచ్చింది. ఈసారి పేరుంది. అది తమ్ముడిది!

'దేవుడా!' అని ఒట్టు పెట్టుకున్నచోట 'స్వర్గమా!' అని మార్చారు. ఒక నాటకంలో వేశ్య పాత్రని అసలు లేకుండానే చేసేశారు. 'ఒథెల్లో' దగ్గర మాత్రం థామస్ చేతులెత్తేశాడు. ఇది ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునేది కాదని ముందే చెప్పేశాడు.

మరి అక్కగారు పేరెందుకు వేసుకోలేదు? పండితులు చెప్పే కారణం వింటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. చెడ్డమాట తీసెయ్యాలంటే ముందు దాని అర్థం తెలియాలి కదండీ! పెళ్ళికాని పెద్దింటి ఆడమనిషికి అలాంటి మాటలు తెలుసునంటే లోకం ఊరుకుంటుందా?

ఆవిడేమీ సామాన్యురాలు కాదు. 1801లో పేరు లేకుండానే మతోపన్యాసాల పుస్తకం ఒకటి తెచ్చింది. అది ఎన్నో ముద్రణలు పొందింది. లండన్ బిషప్పుగారు అది ఎవరో పురోహితుడు రాశాడనుకుని, ఆయనకి ఒక చర్చిలో ఉద్యోగం ఇప్పిద్దామని కబురు పంపారట!

థామస్ 1825లో, హారియట్ 1830లో పోయారు. 1836 నాటికి 'బౌడ్లరైజ్' అన్న మాట అచ్చులో కనిపించింది. అప్పటినుంచీ అది ఎక్కువగా ఎత్తిపొడుపు మాటే. స్విన్‌బర్న్ అనే కవి మాత్రం, షేక్స్పియర్‌ని పసిపిల్లల చేతికి అందించిన మనిషిని వెక్కిరించకండని వెనకేసుకొచ్చాడు. ఆ మెప్పూ తమ్ముడికే దక్కింది. అక్కగారి పాత్రని 1969లో నోయెల్ పెరిన్ అనే అమెరికన్ ఆచార్యుడు తన పుస్తకంలో వివరంగా చెప్పాడు.

ఇదంతా చదివాక నాకు మన ముద్దుపళని గుర్తొచ్చింది. తంజావూరు ఆస్థానంలో ఆమె రాసిన 'రాధికా సాంత్వనం' 1887లో అచ్చయినప్పుడు, పరిష్కర్త కొన్ని పద్యాలతోపాటు ఆమె తన వంశం గురించి చెప్పుకున్న అవతారికని కూడా వదిలేశాడు. బెంగుళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, 1910లో పూర్తి పుస్తకం వేయించింది. మరుసటేడే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారు ఆ నిషేధం తీసేయించారు. అక్కడ ఒకావిడ కత్తిరించి తన పేరు దాచుకుంది. ఇక్కడ ఒకావిడ కత్తిరింపుల్ని పూడ్చి మరొకావిడ పేరు నిలబెట్టింది.

చదువుతూ దాటెయ్యడం వేరు, పుస్తకాన్నే కత్తిరించడం వేరు అనిపించింది నాకు. బౌడ్లర్ వారి తండ్రి దాటేసినా, బీరువాలో పుస్తకం చెక్కుచెదరలేదు. పిల్లలు పెద్దయ్యాక తీసి చదువుకోవచ్చు. కత్తిరించిన పుస్తకం మాత్రమే చేతికొచ్చిన పిల్లకి, పోయినదేమిటో ఎలా తెలుస్తుంది?

మర్నాడు రాత్రి మనవడితో నిజం చెప్పేశాను. "నిన్న ఇక్కడ కొంచెం వదిలేశానురా. పెద్దయ్యాక నువ్వే చదువుకో" అని ఆ పేజీలో ఒక నెమలీక పెట్టాను. వాడు నెమలీకకేసీ నాకేసీ చూసి, "పెద్దవడమంటే ఎప్పుడు అమ్మమ్మా, ఎండాకాలం సెలవులకా?" అన్నాడు.