అడిక్‌మెట్ రాతినేల: జాగీరు నుంచి విద్యాపీఠం వరకు

రామంతాపూర్ నుంచి హబ్సిగూడ, తార్నాకల మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ, అక్కడి నుంచి మౌలాలి గుట్టకూ ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. ఈ దారిలోని కట్టడాలను విడివిడి స్మారకాలుగా చూడడం పరిపాటే అయినా, బండరాళ్లు పరుచుకున్న ఒకే నేలను రెండు భిన్న యుగాలు ఎలా తీర్చిదిద్దుకున్నాయో వాటిని కలిపి చూసినప్పుడే బోధపడుతుంది.

వీటిలో మొదటిది మహలఖా బాయి చందా (1768–1824) కాలం. ఉర్దూ కవయిత్రిగా, నర్తకిగా నిజాం దర్బారులో మన్నన పొందిన ఆమెకు జాగీరుగా, అంటే శిస్తు అనుభవించే హక్కుతో దక్కిన అడిక్‌మెట్ భూమిలోనే నేటి విశ్వవిద్యాలయ ప్రాంగణం వెలసింది. ఆ పరిసరాల్లో ఆమె పేరుతో మెట్లబావి నేటికీ ఉంది. మౌలాలి గుట్ట పాదాన తల్లి రాజ్ కున్వర్ కోసం ఆమె కట్టించిన సమాధి చార్‌బాగ్ పద్ధతిలో, అనగా బాటలతో, నీటి కాలువలతో నాలుగు భాగాలుగా విడిపోయే పర్షియన్ తోట పద్ధతిలో అమరింది. తరువాత ఆమెను కూడా అక్కడే ఖననం చేశారు.

రెండవది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఉర్దూ బోధనా భాషగా 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం మొదట గన్‌ఫౌండ్రీలోని అద్దె భవనాల్లో నడిచింది. 1920వ దశకం తొలి సంవత్సరాల్లో శాశ్వత ప్రాంగణం కోసం స్కాట్లాండుకు చెందిన పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకున్నారు; నేల వాలునూ నీటి వనరులనూ పరిశీలించిన తరువాతే నిర్మాణానికి పూనుకోవాలన్నది ఆయన అనుసరించిన పద్ధతి. అనంతరం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే వాస్తుశిల్పులు పలు దేశాల విశ్వవిద్యాలయాలను చూసి వచ్చారు. కైరో సమీపంలోని హెలియోపొలిస్ ప్యాలెస్ హోటల్‌ను రూపొందించిన బెల్జియన్ వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌కు నమూనాల బాధ్యత దక్కింది.

1934 జులై 5న పునాదిరాయి పడి, 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముఖద్వారం ముందు నిలబడితే భిన్న వాస్తురీతుల సమన్వయం కళ్లకు కడుతుంది: పైన ఇస్లామీయ వాస్తురీతికి చెందిన ఎత్తైన కోణాకార తోరణం, లోపల అజంతా, ఎల్లోరా గుహాలయాలను తలపించే బరువైన స్తంభాలు, రెంటినీ కలుపుతూ గులాబీ ఛాయ గల గ్రానైట్. చుట్టుపక్కల గుట్టలదీ ఆ రాయే కావడం వల్ల ఇంత భారీ భవనమూ పరిసరాలకు పరాయిగా కనిపించదు.

కనుక ఇక్కడ కట్టడాన్ని మాత్రమే వారసత్వంగా గుర్తించి, దానికి ఆధారమైన గుట్టలనూ బావులనూ ఖాళీ స్థలాలనూ ఆక్రమణలకు వదిలేయడం సగం రక్షణే అవుతుంది. మెట్లబావికీ, ప్రాంగణంలో మిగిలిన బండలకూ కూడా ఆర్ట్స్ కాలేజీతో సమానమైన రక్షణ కల్పించడం విశ్వవిద్యాలయం, నగర పాలక సంస్థ కలిసి నెరవేర్చవలసిన బాధ్యత.