ఉప్పు కరగుటలోని మర్మము

చక్కెరయు ఉప్పును నీట కరగును; చూపునకు రెండు ద్రావణములును ఒక్కటియే. కాని చక్కెరనీటిలో విద్యుత్తు పారదు, ఉప్పునీటిలో పారును. అంతే కాదు. అంతే నీటిలో అన్నే అణువులు కలిపి చూచినను, గడ్డకట్టు ఉష్ణోగ్రతను ఉప్పు చక్కెరకంటె దాదాపు రెండింతలు తగ్గించును. ఒక్కొక్క ఉప్పు అణువు రెండై పనిచేయుచున్నట్లు తోచును. ఇది యెట్లు?

స్వీడను దేశీయుడగు స్వాంటె అర్హీనియస్ ఈ ప్రశ్నకు సమాధానము వెదకెను. 1884లో ద్రావణముల విద్యుద్వాహకత్వమును గూర్చి ఆయన సమర్పించిన వ్యాసమును ఉప్సలా పండితులు మెచ్చక, తక్కువ శ్రేణి నిచ్చిరి. ఆ శ్రేణితో అధ్యాపక పదవి దుర్లభము. అయితే రీగానుండి ఓస్ట్‌వాల్డ్ ఆ యేడే స్వయముగ వచ్చి ఆ యువకుని కలిసికొనెను.

1887లో అర్హీనియస్ స్పష్టముగ ప్రకటించెను: నీట కరగిన ఉప్పు సోడియము, క్లోరిను అయానులుగ విడిపోవును. పలువురు ఆక్షేపించిరి. సోడియము నీటితో భీకరముగ చర్య జరుపును, క్లోరిను విషవాయువు. ఇవి గిన్నెలో నెమ్మదిగ నుండుటెట్లు? విద్యుదావేశము గల అయాను గుణములు వేరు, ఆవేశము లేని పరమాణువు గుణములు వేరు అనుటయే సమాధానము. 1903లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

1913లో బ్రాగ్‌లు ఎక్సు కిరణములతో ఉప్పు స్ఫటికమును పరీక్షించిరి. దానిలో జంట అణువులే లేవు; అయానుల వరుసలే కలవు. కాబట్టి నీరు అణువును చీల్చుట లేదు. నీటి అణువులో ఒక కొన ధనము, ఒక కొన ఋణము; అవి అయానులను చుట్టుముట్టి స్ఫటికమునుండి లాగుకొని పోవును. చక్కెర అణువులు మాత్రము చెక్కుచెదరక నీటిలో చేరును.