దద్దుర్లు

దద్దుర్లు అంటే చర్మంపై ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బి, విపరీతంగా దురదపెట్టే పొంగులు. ఆయుర్వేదంలో శీతపిత్తంగా చెప్పేది ఇటువంటి లక్షణాలనే. చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను విడుదల చేస్తే సన్నని రక్తనాళాల నుంచి ద్రవం ఊరి ఇవి లేస్తాయి. ఒక్కో దద్దు సాధారణంగా 24 గంటల్లోపే అణగిపోతుంది. మరోచోట కొత్తది పుడుతుంది. 6 వారాలు దాటితే దీర్ఘకాలిక వ్యాధిగా లెక్క.

వైరస్ జ్వరాలు, కొన్ని ఆహారాలు, నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు, కీటకాల కాటు దీనికి తెలిసిన కారణాలు. చాలామందిలో కారణం తేలదు. అంతమాత్రాన అది ప్రమాదకరం కాదు. ఒళ్లు వేడెక్కి చెమటపట్టినప్పుడు కొందరికి చిన్నచిన్న దద్దుర్లు వస్తాయి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లెక్కడం అలాంటి శ్రమే. ఈ రకం తరచుగా విశ్రాంతితో, చల్లదనంతో గంటలోపు తగ్గుతుంది.

మొదటి చికిత్స సెటిరిజిన్ వంటి యాంటీహిస్టమిన్. పెద్దలకు సాధారణ మోతాదు రోజుకు 10 మిల్లీగ్రాములు. తడిగుడ్డ, వదులైన నూలు బట్టలు ఉపశమనమిస్తాయి. నొప్పికి వేసుకునే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ దద్దుర్లను పెంచవచ్చు.

నాలుక వాచినా, ఊపిరాడకపోయినా, స్పృహ తప్పుతున్నా అది ప్రాణాంతకమైన అనాఫిలాక్సిస్ కావచ్చు. అప్పుడు మాత్రలు చాలవు. తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ తక్షణం పడాలి. ఆంధ్రప్రదేశ్‌లో అంబులెన్స్ నంబరు 108.